అమెరికాలో వేసిన ఫ్లూ టీకా, గుంటూరులో తగ్గని భుజం నొప్పి: పరిహారం అడిగే దారి

మీ ప్రశ్నను ఇతరులకూ అర్థమయ్యేలా ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మగారి వయసు 61, చాలా ఏళ్లుగా షుగరు ఉంది. విజిటర్ వీసా మీద టెక్సస్‌లో మీ దగ్గర ఉన్నప్పుడు, గత అక్టోబరులో ఒక మందుల దుకాణంలో ఫ్లూ టీకా వేయించుకున్నారు. ఆ రాత్రి నుంచే ఎడమ జబ్బ నొప్పి మొదలైంది, వారం తిరిగేసరికి చెయ్యి పైకి లేవలేదు. సూది నొప్పి కదా, అదే తగ్గుతుందనుకుని డిసెంబరులో గుంటూరు వెళ్లిపోయారు. అక్కడ ఎముకల డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు పట్టేయడం అన్నారు. ఎనిమిది నెలలు గడిచినా ఆమె తన జడ తాను వేసుకోలేకపోతున్నారు. పౌరసత్వం లేని మనిషి పరిహారం అడగవచ్చా, ఆ దుకాణం మీద దావా వేయాలా, షుగరు ఉన్నందువల్ల కేసు నిలబడదా, ఇలా అడిగితే టీకాలకు వ్యతిరేకులమన్న ముద్ర పడదా అని మీరు అడిగారు. ఇదే టీకా గుంటూరులో వేయించుకుని ఉంటే ఏమయ్యేదని మీ తమ్ముడు అడిగారు.

నేను న్యాయవాదిని కాను. టీకా పరిహారం కేసులు చూసే న్యాయవాదుల దగ్గర పదహారేళ్లుగా వైద్య రికార్డులు చదివి, వాటిని తేదీల వరుసలో పెట్టే పని చేస్తున్నాను. మీ అమ్మగారి కేసు నిలబడేదీ పడిపోయేదీ తేదీల మీదనే కాబట్టి నా జవాబులో ఎక్కువ భాగం వాటి గురించే ఉంటుంది.

మొదటి ప్రశ్నకు జవాబు, అడగవచ్చు. అమెరికాలో 1988 అక్టోబరు 1 నుంచి నడుస్తున్న జాతీయ టీకా నష్టపరిహార పథకానికి మనిషి ఏ దేశస్థుడన్నది ముఖ్యం కాదు, టీకా ఎక్కడ వేశారన్నది ముఖ్యం. టీకా అమెరికాలో వేసి, అది పథకం జాబితాలో ఉన్నదైతే, వేయించుకున్నవారు ఏ వయసువారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టం పేరులో పిల్లల టీకాల ప్రస్తావన ఉన్నందువల్ల పెద్దలకు వర్తించదని చాలామంది అనుకుంటారు కానీ, ఇప్పుడు వస్తున్న దరఖాస్తుల్లో ఎక్కువ భాగం పెద్దలవే, వాటిలోనూ ఫ్లూ టీకాకు సంబంధించినవే ఎక్కువ. అయితే దరఖాస్తు మీ అమ్మగారి పేరుమీదనే ఉండాలి. తన వ్యవహారాలు తాను చూసుకోగల మనిషి కాబట్టి ఆమె తరఫున మీరు వేయడానికి వీల్లేదు. సంతకం ఆమెది, కాగితాలు పోగుచేసే శ్రమ మీది. దరఖాస్తులో వీసా సంగతి నిరూపించవలసిన అవసరం లేదు, ఆమె గుంటూరులో ఉంటూనే న్యాయవాది ద్వారా కేసు నడిపించుకోవచ్చు.

దుకాణం మీద దావా వేయవద్దు. 1,000 డాలర్లకు మించిన పరిహారం కోరేవారు టీకా వేసినవారి మీదకు గానీ, తయారుచేసిన సంస్థ మీదకు గానీ నేరుగా వెళ్లకుండా ముందు ఈ పథకంలోకి రావాలని చట్టం నిర్దేశించింది. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1980 దశకం మొదట్లో పిల్లలకు కోరింత దగ్గు, ధనుర్వాతం వంటివి రాకుండా వేసే డీపీటీ టీకా మీద దావాలు వెల్లువెత్తడంతో తయారీ సంస్థలు ఒక్కొక్కటిగా ఆ వ్యాపారం వదులుకోసాగాయి. ధరలు పెరిగి, టీకాకు కరవు వచ్చేలా ఉన్న పరిస్థితిలో అక్కడి పార్లమెంటు 1986లో ఈ చట్టం చేసింది. వేసే ప్రతి డోసు మీద, అది నివారించే ఒక్కో వ్యాధికి 75 సెంట్ల చొప్పున పన్ను వసూలుచేసి ఒక నిధిలో వేస్తారు. మూడు వ్యాధులను ఆపే ఎంఎంఆర్ టీకాకు అది 2 డాలర్ల 25 సెంట్లు. మీ అమ్మగారికి వేసిన ఫ్లూ టీకా మీద కూడా ఆ 75 సెంట్లు నిధికి జమ అయ్యాయి. ఆమె అడుగుతున్నది సరిగ్గా ఇందుకోసమే కూడబెట్టిన డబ్బు, ఎవరి జేబులోదో కాదు.

అందువల్ల ఈ కేసులో ప్రతివాది సూది వేసిన ఫార్మసిస్టు కాదు, అమెరికా ఆరోగ్య శాఖ మంత్రి. దరఖాస్తు వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో దాఖలవుతుంది. జ్యూరీ ఉండదు, స్పెషల్ మాస్టర్ అనే అధికారి విచారిస్తారు. ఆరోగ్య శాఖ వైద్యులు కాగితాలు పరిశీలించి అభిప్రాయం చెబుతారు, న్యాయ శాఖ న్యాయవాదులు మంత్రి తరఫున నిలబడతారు. ఎవరో తప్పు చేశారని మీరు నిరూపించనక్కర లేదు. ఆ ఫార్మసిస్టు ఆ రోజు సవ్యంగా వేశారా, తొందరలో వేశారా అన్న చర్చ కూడా రాదు.

నిరూపించవలసింది ఏమిటన్నది ఇక అసలు విషయం. ఏ టీకా తరువాత ఎంత వ్యవధిలో ఏ సమస్య వస్తే దాన్ని టీకా వల్లనే వచ్చినట్టు భావించాలో చెప్పే పట్టిక ఒకటి ఈ చట్టంలో ఉంది. ఫ్లూ టీకా తరువాత నరాలు దెబ్బతిని కాళ్లూచేతులు చచ్చుబడే గియాన్-బారే సిండ్రోమ్ అయితే 3 నుంచి 42 రోజులు; తీవ్రమైన అలర్జీ అయితే 4 గంటలు; రోటా వైరస్ టీకా తరువాత పసిపిల్లలకు పేగులో పేగు చొరబడితే 1 నుంచి 21 రోజులు. ఈ పట్టికలో 2017 మార్చిలో టీకా సంబంధిత భుజం గాయాన్ని చేర్చారు. న్యాయవాదులు దాన్ని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో క్లుప్తంగా సర్వా (SIRVA) అంటారు. సూది జబ్బ కండలో కాకుండా మరీ పైన, భుజం కీలుకు ఆనుకుని ఉండే పల్చటి ద్రవపు సంచిలోకి దిగితే, కండలో పనిచేయవలసిన మందు అక్కడ వాపు రేపుతుంది. ఆ వాపు వారాలకు, నెలలకు కీలును పట్టేస్తుంది. టీకా మందులో లోపం ఉందని దీని అర్థం కాదు, అది పడిన చోటు సరైనది కాదని మాత్రమే.

సర్వా కింద రావాలంటే నాలుగు విషయాలు తేలాలి. టీకాకు ముందు ఆ భుజంలో నొప్పి గానీ, వాపు గానీ, పట్టేసిన చరిత్ర గానీ ఉండకూడదు. నొప్పి 48 గంటలలోపు మొదలవాలి. నొప్పి, చెయ్యి తిరగకపోవడం టీకా వేసిన భుజానికే పరిమితం కావాలి. దాన్ని వివరించగల మరో జబ్బు ఉండకూడదు. ఈ నాలుగూ కుదిరితే కారణం ఏమిటన్న వాదన పెద్దగా అవసరం ఉండదు. పట్టికే మీ పక్షాన మాట్లాడుతుంది. వీటిలో ఒకటి తప్పినా కేసు పోయినట్టు కాదు గానీ, అప్పుడు టీకా ఇలాంటి హాని చేయగలదన్న వైద్య వివరణ, ఈ మనిషికి అదే జరిగిందనే కార్యకారణ క్రమం, రెంటికీ మధ్య సరిపోయే కాల వ్యవధి, ఈ మూడింటినీ నిపుణుల చేత చెప్పించాలి. 2005 నాటి ఆల్థెన్ తీర్పు పెట్టిన కొలత అది. సందేహానికి తావే లేకుండా రుజువు చేయమని అక్కడ కూడా అడగరు, త్రాసు మీవైపు కాస్త మొగ్గితే చాలు. అయినా పట్టికలో ఇమిడే కేసును చేజేతులా పట్టిక బయటికి పోనివ్వకూడదు.

మనవాళ్ల కేసులు సరిగ్గా ఇక్కడే చెడిపోవడం చూశాను. మీ అమ్మగారు డిసెంబరులో గుంటూరు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఎప్పటి నుంచి నొప్పి అని అడిగి ఉంటారు, ఆమె ఓ నెల నుంచి అండీ అని ఉంటారు. మన మాటల్లో ఓ నెల అంటే నెల కావచ్చు, రెండున్నర నెలలు కావచ్చు. డాక్టరు ఓపీ చీటీ మీద ఎడమ భుజం నొప్పి, 1 నెల అని రాస్తారు. టీకా సంగతి ఆయన అడగరు, ఈమె చెప్పరు. వాషింగ్టన్‌లో ఆ చీటీ చదివే ప్రభుత్వ వైద్యుడికి మాత్రం నొప్పి నవంబరులో మొదలైనట్టే, అంటే 48 గంటల గడువు దాటిపోయినట్టే. మీ దగ్గరున్న మొదటి చీటీలో సరిగ్గా ఏమి రాసి ఉందో ఈ రోజే ఫోటో తెప్పించుకుని చూడండి.

ఒకవేళ తప్పుగా ఉంటే దయచేసి ఆ చీటీని దిద్దించవద్దు, పాత తేదీతో కొత్త చీటీ రాయించవద్దు. తెలిసిన డాక్టరే కదా, రాసిస్తారని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. అది తప్పు మాత్రమే కాదు, నిజమైన కేసును కూడా ముంచేస్తుంది. ఒక్క కాగితం మీద అనుమానం వస్తే మిగతా కాగితాలన్నీ దానితో పాటు పోతాయి. అలా చేయవలసిన అవసరమూ లేదు. నొప్పి మొదలైన సమయం రికార్డులో నమోదు కాకపోయినా, తప్పుగా నమోదైనా, ఇతర ఆధారాలు నమ్మదగినవిగా ఉంటే గడువులోనే మొదలైందని స్పెషల్ మాస్టర్ నిర్ణయించవచ్చని చట్టమే చెబుతోంది. అయితే వైద్య రికార్డు గానీ వైద్యుల అభిప్రాయం గానీ ఏదీ లేకుండా, కేవలం దరఖాస్తుదారు మాట మీదనే పరిహారం ఇవ్వకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ రెండు నియమాల మధ్య ఉన్న చోటులోనే మనం పనిచేయాలి.

ఆ ఇతర ఆధారాలు మీ ఇంట్లోనే ఉంటాయి. టీకా వేసిన మర్నాడు ఆమె తన చెల్లెలికో, మీ నాన్నగారికో పంపిన వాట్సాప్ సందేశం. చెయ్యి లేవడం లేదని చెప్పిన వాయిస్ రికార్డు. మీరు ఆ వారంలో నొప్పి మాత్రలు, పూత మందు కొన్న రసీదు. పండగ ఫోటోల్లో ఆమె చెయ్యి ఎలా పెట్టుకున్నారన్నది కూడా పనికొస్తుంది. నేను చూసిన ఒక కేసులో దరఖాస్తుదారు టీకా మర్నాడు పొద్దున అక్కకు పంపిన రెండు ముక్కల సందేశం, ఆరు వారాల తరువాత రాసిన డాక్టరు చీటీ కంటే ఎక్కువ బరువు తూగింది. ఎందుకంటే పరిహారమనే ఆలోచన ఎవరికీ లేని రోజున ఆమె దాన్ని రాశారు. సందేశాలు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు, ధ్రువీకరించిన అనువాదం జతచేస్తారు. వీటికి తోడు మీరు, మీ వారు, ఆమెను దగ్గరగా చూసిన మరెవరైనా ప్రమాణ పత్రాలు ఇవ్వాలి. చూసింది మాత్రమే, తెలిసినంత మాత్రమే రాయాలి. అందరి పత్రాల్లోనూ ఒకే వాక్యాలు కనబడితే చదివేవారికి నమ్మకం పోతుంది.

ఇప్పుడు షుగరు సంగతి. దాచిపెట్టాలనే ఆలోచన రానివ్వకండి; టీకాకు ముందు మూడేళ్ల వైద్య రికార్డులు ఎలాగూ ఇవ్వాలి. మధుమేహం ఉన్నవారికి ఏ టీకా లేకుండానే భుజం పట్టేయడం మామూలుకంటే ఎక్కువగా జరుగుతుందన్నది వైద్యులందరికీ తెలిసిన నిజం, ప్రభుత్వ న్యాయవాదులు మొట్టమొదట చూపేది దాన్నే. దానికి జవాబు వాదనలో ఉండదు, నొప్పి వచ్చిన తీరులో ఉంటుంది. షుగరు వల్ల పట్టే భుజం సాధారణంగా మెల్లగా, ఎప్పుడు మొదలైందో చెప్పలేనట్టు వస్తుంది. మీ అమ్మగారి నొప్పి ఒక పగలు సూది పడిన జబ్బలో, ఆ రాత్రికే మొదలైంది. పదిహేనేళ్ల షుగరు చరిత్రలో ఒక్కసారి కూడా ఆ భుజం గురించి ఫిర్యాదు లేదని పాత ఫైలు చూపిస్తే, ఆ ఫైలే మీకు బలం అవుతుంది. ఎంఆర్ఐ తీయించి ఉంటే దాని రిపోర్టు మాత్రమే కాకుండా అసలు చిత్రాలు కూడా తెప్పించండి, ద్రవపు సంచిలో వాపు ఉందా లేదా అన్నది అందులో తెలుస్తుంది.

దుకాణం నుంచి టీకా రికార్డు వెంటనే తీసుకోండి: టీకా పేరు, లాట్ నంబరు, తేదీ, ఏ చెయ్యి అన్నవి అందులో ఉండాలి. కంప్యూటరు తనంతట తాను ఎడమ చెయ్యి అని నింపే రికార్డులు నేను చాలా చూశాను; మీ అమ్మగారిది ఎడమ చెయ్యే కాబట్టి మీకు ఈ చిక్కు ఉండకపోవచ్చు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఆ రోజు వేసింది ఒక్క సూదేనా? ఆ వయసువారికి ఫ్లూతో పాటు కోవిడ్ టీకా, ఒంటి మీద మంటతో పొక్కులు లేచే షింగిల్స్ జబ్బు టీకా కూడా ఒకే రోజు వేసేస్తుంటారు. షింగిల్స్ టీకా ఈ పథకంలో లేదు. మనవాళ్లు భారతదేశం వెళ్లే ముందు వేయించుకునే టైఫాయిడ్ టీకా కూడా లేదు, హెపటైటిస్-ఎ మాత్రం ఉంది. కోవిడ్ టీకాలకు 2005 నాటి మరో చట్టం కింద వేరే పథకం నడుస్తోంది. దానికి కోర్టు లేదు, న్యాయవాది ఫీజు ఇవ్వరు, పడిన బాధకు పరిహారం లేదు, టీకా వేసిన రోజు నుంచి ఒక్క ఏడాదే గడువు. అక్కడికి వేల సంఖ్యలో దరఖాస్తులు వెళ్తే డబ్బు అందినవి కొన్ని పదులు మాత్రమే. ఒకే జబ్బలో రెండు టీకాలు పడి ఉంటే ఏ సూది గాయం చేసిందన్న ప్రశ్న తప్పక వస్తుంది, అది న్యాయవాదికి మొదటి రోజే చెప్పాలి.

గడువుల మాటకొస్తే, మీ అమ్మగారికి తొలి లక్షణం కనబడిన రోజు నుంచి మూడేళ్లు ఉంది. జబ్బు పేరు డాక్టరు చెప్పిన రోజు నుంచి కాదు, నొప్పి పుట్టిన రోజు నుంచి లెక్క. ఈ పొరపాటు వల్ల ఒక్క రోజు తేడాతో మూసుకుపోయిన తలుపులు ఉన్నాయి. మరణం సంభవించిన కేసుల్లో మరణం నుంచి రెండేళ్లు, తొలి లక్షణం నుంచి నాలుగేళ్లు దాటకూడదు. దీనితో పాటు, బాధ టీకా తరువాత ఆరు నెలలకు మించి కొనసాగిందని చూపించాలి. మీకు ఎనిమిది నెలలైందన్నారు. కానీ ఫిబ్రవరి తరువాత ఆమె ఏ డాక్టరునూ చూడలేదని కూడా రాశారు. కాగితం ప్రకారం చూస్తే ఆమెకు నాలుగో నెలలోనే తగ్గిపోయిందని వాదించడానికి అది సరిపోతుంది. నొప్పికి అలవాటుపడి ఇంటిపని చేసుకుపోయే తల్లులు అందరిళ్లలోనూ ఉన్నారు. వారి ఓర్పు రికార్డులో ఆరోగ్యంగా కనబడుతుంది.

ఫీజుల గురించి భయపడవద్దు. దరఖాస్తు నిజాయతీగా, సహేతుకమైన ఆధారంతో వేసినదైతే గెలిచినా ఓడినా న్యాయవాది ఫీజును పథకం నిధి నుంచే ఇస్తారు. పరిహారంలో ఇంత శాతం నాకు అని అడిగే న్యాయవాదిని అక్కడికక్కడే వదిలేయండి, చట్టం దాన్ని నిషేధించింది. ఈ కోర్టులో వాదించడానికి అర్హులైన, టీకా కేసులు తీసుకునే న్యాయవాదుల జాబితా కోర్టు వెబ్‌సైటులోనే ఉంటుంది. వారు టెక్సస్‌లోనే ఉండాలని లేదు. పరిహారం మీద మాత్రం పెద్ద ఊహలు పెట్టుకోవద్దని చెబుతాను. బాధకు గరిష్ఠ పరిమితి 1986లో పెట్టిన 2,50,000 డాలర్లే, ఇన్నేళ్లలో దాన్ని పెంచలేదు. అది అన్యాయమని నా అభిప్రాయం. భుజం కేసుల్లో సాధారణంగా వచ్చేవి పదుల వేల డాలర్లు, శస్త్రచికిత్స దాకా వెళ్లినవాటిలో లక్ష దాటినవి ఉన్నాయి. గుంటూరులో పెట్టిన వైద్య ఖర్చులకు రసీదులు ఉంచండి, బీమా చెల్లించిన మొత్తాన్ని మళ్లీ ఇవ్వరు. రెండు మూడేళ్లు పట్టడం మామూలే.

ముద్ర గురించిన మీ భయం నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే మన కుటుంబాల్లో చాలామంది ఇందువల్లే ముందుకు రారు. ఈ పథకం ప్రభుత్వమే టీకాలను కాపాడుకోవడానికి పెట్టుకున్నది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2006 నుంచి వేసిన ప్రతి పది లక్షల డోసులకు పరిహారం అందుకున్నవారు సుమారు ఒక్కరు. అందులోనూ పదింట ఆరు వంతులు రాజీ ద్వారా, టీకాయే కారణమని ఎవరూ తేల్చకుండా ముగిసినవి. టీకాల వల్ల ఆటిజం వస్తుందంటూ వచ్చిన అయిదు వేలకు పైగా దరఖాస్తుల్లో నమూనా కేసులను ఇదే కోర్టు సుదీర్ఘంగా విని, 2009లోనూ 2010లోనూ ఆధారం లేదని తోసిపుచ్చింది. ఆధారం లేనిదాన్ని కాదన్న ఆ కోర్టే ఆధారం ఉన్న భుజానికి డబ్బు ఇస్తోంది. మీ అమ్మగారు వచ్చే ఏడాది ఫ్లూ టీకా మళ్లీ వేయించుకోవచ్చు, కుడి జబ్బకు, సరైన చోట. డాక్టరు వేయించుకోమంటే తప్పక వేయించుకోవాలని నేనూ అంటాను. ఆ పని ఆమె కేసుకు ఏ హానీ చేయదు.

మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టంగా ఉంది. భారతదేశంలో టీకా తరువాత సమస్య వస్తే నమోదు చేసి, కారణం తేల్చే కమిటీలు జిల్లా నుంచి జాతీయ స్థాయి దాకా ఉన్నాయి. అవి కారణం చెబుతాయి, డబ్బు ఇవ్వవు. ప్రైవేటు ఆసుపత్రిలో రుసుము చెల్లించి వేయించుకుంటే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, కానీ అక్కడ నిర్లక్ష్యం నిరూపించాలి. అందరికీ ఉచితంగా వేసే ప్రభుత్వ ఆసుపత్రి టీకా అయితే, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ దారి కూడా ఉండదు. కోవిడ్ టీకా తరువాత కూతుళ్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, టీకా స్వచ్ఛందం కాబట్టి తమకు బాధ్యత లేదని, సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని కేంద్రం 2022 నవంబరులో అఫిడవిట్ ఇచ్చింది. మనకు ఖమ్మం అనుభవం కూడా ఉంది. 2009లో ఆ జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలు చెప్పాయి, నాకు దాన్ని కాదనే ఆధారం లేదు. కానీ ఎన్నో హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తల్లిదండ్రులకు తమ మాట వినిపించి, కాగితాలు చూపించి, అవునో కాదో రాతపూర్వకమైన జవాబు పొందే ఒక చోటు ఉండి ఉంటే, ఆ టీకా మీద అనుమానం ఇన్నేళ్లు నిలిచేది కాదని నేను నమ్ముతున్నాను.

మీరు చేయవలసినవాటిలో ఒకటి ఈ వారమే జరగాలి. అమ్మగారిని అదే ఎముకల డాక్టరు దగ్గరికి పంపండి. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే ఓ ఏడాదిగా అనకుండా, ఫలానా తేదీన ఫ్లూ టీకా వేయించుకున్నాను, ఆ రాత్రి నుంచే నొప్పి అని, జరిగింది జరిగినట్టు చెప్పమనండి. చెయ్యి ఎంతవరకు లేస్తోందో కొలిచి డిగ్రీల్లో రాయమని డాక్టరును అడగమనండి, చీటీ మీద తేదీ ఉందో లేదో అక్కడే చూసుకోమనండి. ఆమె ఫోను పాతదైందని మార్చేస్తున్నామన్నారు. అక్టోబరు నాటి సందేశాలన్నీ మీ దగ్గర భద్రపడేదాకా ఆ ఫోనును ఎవరికీ ఇవ్వవద్దు.